హంటర్‌వాలీ నాదియా: సూపర్‌మ్యాన్ కంటే ముందే ముసుగు కట్టిన హీరోయిన్

అల్లరి చేసే ఆడపిల్లని, ఎవరి మాటా వినని కోడల్ని హంటర్‌వాలీ అనడం మన ఇళ్లల్లో చాలామంది వినే ఉంటారు. మా నానీ కూడా అనేది. అది ఒక సినిమా పేరని, ఆ సినిమా 1935లో వచ్చిందని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

ఒకసారి లెక్క చూడండి. సూపర్‌మ్యాన్ కామిక్ పుస్తకం వచ్చింది 1938లో. బ్యాట్‌మ్యాన్ 1939లో, వండర్ వుమన్ 1941లో. వీళ్లందరికంటే ముందే బొంబాయిలో ఒక ఆడమనిషి మొహానికి ముసుగు కట్టి, చేత్తో కొరడా పట్టి, గుర్రమెక్కి దుర్మార్గుల పని పట్టింది. ఆమే ఫియర్‌లెస్ నాదియా.

అసలు పేరు మేరీ ఎవాన్స్. 1908 జనవరి 8న ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టింది. తండ్రి బ్రిటిష్ సైన్యంలో ఉద్యోగి, స్కాట్లాండ్ మనిషి. చిన్నప్పుడే కుటుంబం బొంబాయి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి చనిపోయాడు. తర్వాత కొన్నేళ్లు తల్లితో పెషావర్‌లో ఉంది. గుర్రపు స్వారీ, వేట, తుపాకీ కాల్చడం అన్నీ అక్కడే నేర్చుకుంది. తర్వాత సినిమాల్లో ఆమెకు అన్నం పెట్టింది ఈ చదువే.

తిరిగి బొంబాయి వచ్చేసరికి ఆమె ఇరవై ఏళ్ల పిల్ల. అప్పటికే ఒక కొడుకు. ఇంట్లో తల్లిని, కొడుకుని చూసుకోవాలి, చేతిలో డబ్బుల్లేవు. ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్‌లో సేల్స్ గర్ల్‌గా చేరింది. జీతం చాలక టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంది. ఒళ్లు తగ్గడానికని డాన్సు క్లాసులో చేరితే, ఆ డాన్సు టీచర్ బృందంతోనే ఊరూరా తిరిగి స్టేజీ ఎక్కింది. కొన్నాళ్లు జార్కో సర్కస్‌లో కూడా పనిచేసింది. ఎన్ అక్షరంతో మొదలయ్యే పేరు పెట్టుకుంటే కలిసొస్తుందని ఒక ఆర్మీనియన్ జోస్యురాలు చెబితే నాదియా అని పేరు మార్చుకుంది.

అప్పుడు పరిచయమయ్యారు వాడియా సోదరులు. పార్సీలు, ఓడలు కట్టే పాత వంశం వాళ్లు. అన్న జేబీహెచ్ వాడియా న్యాయశాస్త్రం చదివినవాడు, తమ్ముడు హోమీ డైరెక్టర్. 1933లో ఇద్దరూ కలిసి వాడియా మూవీటోన్ పెట్టారు. నాదియాది తెల్ల చర్మం, నీలి కళ్లు, బంగారు రంగు జుట్టు. హిందుస్తానీ సరిగ్గా పలకదు. ఇలాంటి మనిషిని జనం ఎలా ఒప్పుకుంటారని జేబీహెచ్‌కి అనుమానం. నందాదేవి అని పేరు మార్చుకుని నల్లటి జడ విగ్గు పెట్టుకోమన్నాడు. తను దేవినీ కాదు, జడలూ వేసుకోనని ఆమె తెగేసి చెప్పేసింది. చేతిలో ఉద్యోగం లేని మనిషి ఓనరుతో అలా మాట్లాడటం చిన్న విషయం కాదు. ఆయన కోప్పడలేదు. చిన్న చిన్న వేషాలిచ్చి చూశాడు. తర్వాత ఏకంగా ఆమెనే హీరోయిన్‌గా పెట్టి ‘హంటర్‌వాలీ’ తీశారు.

కథ సింపుల్. దుర్మార్గుడైన మంత్రి రాజుని బంధిస్తాడు. పగలు రాజకుమారి మాధురిగా ఉన్న అమ్మాయి, ముసుగు వేసుకుని హంటర్‌వాలీగా మారి పేదల పక్షాన నిలబడుతుంది. మామూలు మనిషి ఒకరు, ముసుగు మనిషి ఒకరు, ఇద్దరూ ఒక్కరే అని ఊళ్లో ఎవరికీ తెలియదు. ఈ రోజు మనం చూస్తున్న సూపర్‌హీరో సినిమాలన్నీ ఈ రెండు బతుకుల ఫార్ములా మీదే నడుస్తున్నాయి కదా. వాడియాలు దీన్ని గాల్లోంచి పుట్టించలేదు. హాలీవుడ్‌లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ చేసిన జోరో లాంటి సాహస సినిమాలంటే వాళ్లకి పిచ్చి. ఆ ముసుగుని మగవాడి మొహం మీంచి తీసి ఆడమనిషికి కట్టడమే వాళ్ల తెగింపు.

ఇక్కడ ఒక వ్యాపారం ముచ్చట చెప్పాలి. ఈ సినిమాకి దాదాపు 80 వేల రూపాయలు ఖర్చయింది. ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము. తీరా పూర్తయ్యాక కొనడానికి డిస్ట్రిబ్యూటర్లు ముందుకు రాలేదు. నిక్కరు, బూట్లు వేసుకుని మగాళ్లని కొరడాతో బాదే తెల్ల ఆడమనిషిని ఎవరు చూస్తారని వాళ్ల భయం. చివరికి వాడియాలు బిలిమోరియా అనే భాగస్వామితో కలిసి సొంతంగానే విడుదల చేశారు. సినిమా 25 వారాలు ఆడింది. బజార్లో నాదియా బొమ్మల అగ్గిపెట్టెలు, బెల్టులు అమ్మారు, అదీ కంపెనీకి పైసా ఇవ్వకుండా!

నాదియాకి డూప్ లేదు. రైలు పెట్టెల పైన ఫైటింగ్ (‘మిస్ ఫ్రాంటియర్ మెయిల్’, 1936), సింహాల మధ్య నటన, మగాళ్లని భుజాల మీదికెత్తి విసిరేయడం అన్నీ తనే చేసింది. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని కాలం. కాలు జారితే అంతే సంగతులు. కొడుకుని, తల్లిని పోషించే మనిషి రోజూ ఆ రిస్క్ తీసుకుంది.

ఇంకో విచిత్రం ఉంది. దేశాన్ని ఏలుతున్నది బ్రిటిష్ వాళ్లు. బ్రిటిష్ సైనికుడి కూతురు తెర మీద జాలిమ్ పాలకుల మీద తిరగబడుతుంటే జనం ఈలలు వేశారు. స్వాతంత్ర్యం గురించి నేరుగా చెబితే సెన్సార్ ఊరుకోదు. అందుకే మంత్రి, రాజు అంటూ జానపద కథలో పెట్టి చెప్పారు. ఆ దుర్మార్గుడు ఎవరో నేల టికెట్టు ప్రేక్షకుడికి విడమరిచి చెప్పక్కర్లేదు. 1938లో వచ్చిన ‘లుటారు లలన’లో హిందూ ముస్లిం ఐక్యత గురించి కూడా చెప్పారు.

అయినా పెద్దమనుషులకి ఇవి స్టంట్ సినిమాలే, అంటే చవక సరుకు. కొన్నాళ్లకి జేబీహెచ్‌కే వాటి మీద మనసు విరిగింది, కళాత్మక సినిమాల వైపు వెళ్లాడు. తమ్ముడు హోమీ మాత్రం నాదియా పక్షాన నిలబడ్డాడు. 1942లో బసంత్ పిక్చర్స్ అని వేరే కంపెనీ పెట్టి, మరుసటి ఏడాది ‘హంటర్‌వాలీ కీ బేటీ’ తీశాడు.

హోమీకి, నాదియాకి మధ్య ప్రేమ అప్పటికే ఉంది. కానీ హోమీ తల్లి పెళ్లికి ఒప్పుకోలేదు. అమ్మ మనసు నొప్పించడం అతనికి ఇష్టం లేదు. నాదియా కూడా గొడవ పెట్టలేదు, ఎదురుచూసింది. తల్లి పోయాక 1961లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. అప్పటికి ఆమెకి 53 ఏళ్లు. తెర మీద కోట గోడలు దూకిన మనిషి, ఒక్క ఇంటి గడప దాటడానికి ఇన్నేళ్లు ఆగింది. ఆమె కథలో నన్ను ఎక్కువగా పట్టుకుంది ఇదే. ఏ ముసుగూ ఇక్కడ పనికిరాలేదు.

1968లో, 60 ఏళ్ల వయసులో, ‘ఖిలాడీ’ అనే గూఢచారి సినిమాలో చివరిసారి కనిపించింది. తర్వాత జనం మర్చిపోయారు. 1993లో జేబీహెచ్ మనవడు రియాద్ వాడియా ఆమె మీద డాక్యుమెంటరీ తీశాక మళ్లీ పేరు వినబడింది. 1996 జనవరి 9న, 88వ పుట్టినరోజు జరిగిన మరుసటి రోజే, ముంబైలో కన్నుమూసింది.

1970లో ‘రౌడీ రాణి’గా విజయలలిత మన తెలుగు తెర మీద మగాళ్లని చితకబాదితే హాళ్లు దద్దరిల్లాయి. దానికి 35 ఏళ్ల ముందే ఆ దారిలో ఒక గుర్రం పరుగెత్తింది. మా నానీ ఆ సినిమా చూసిందో లేదో అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. కానీ ఈసారి ఎవరైనా మీ అమ్మాయిని హంటర్‌వాలీ అంటే చిన్నబుచ్చుకోకండి. ఆ పేరు అంత తేలిగ్గా వచ్చింది కాదు.