రోంగ్‌బుక్ లామా

ఎవరెస్టుకు ఉత్తరాన, టిబెట్ వైపు రోంగ్‌బుక్ లోయలో 1902లో ఆరామం కట్టించిన భిక్షువు న్గవాంగ్ తెంజిన్ నోర్బు. ఆ లోయలో ఏ జీవినీ చంపకూడదన్నది ఆయన కట్టడి. 1922లో మంచుచరియ పడి ఏడుగురు కూలీలు చనిపోతే వాళ్లకోసం ప్రార్థనలు చేశారు. కొండెక్కడమే పనికిమాలిన కష్టమని ఆయన అభిప్రాయం, అయినా జాలిపడ్డారు.

కొండకు దక్షిణాన నేపాల్ షెర్పాలకు ఊరి గుడులున్నాయి గానీ బ్రహ్మచారి భిక్షువుల ఆరామం లేదు. ఆయన ప్రోత్సాహంతోనే లామా గులు 1916లో తెంగ్‌బోచేలో ఒకటి కట్టారు. 1934 జనవరి 15న భూకంపం వచ్చింది. మనం బీహార్ భూకంపం అంటామే, అదే. ఆరామం కూలిపోయింది. కొద్దికాలానికే గులు కూడా కన్నుమూశారు. పద్దెనిమిదేళ్ల కష్టం పోయింది, నడిపించే మనిషీ పోయాడు. అంతటితో వదిలేస్తే అడిగేవాళ్లెవరు?

ముసలి గురువు వదల్లేదు. గులు తర్వాత బాధ్యత తీసుకున్న ఉమ్జే గెల్దెన్‌కు అండగా నిలిచారు. టిబెట్ నుంచి వడ్రంగి వచ్చాడు, ఊళ్లవాళ్లు రెక్కల కష్టం ఇచ్చారు. ఇక్కడ మన దేశంలో ఆ భూకంపం ఎవరి పాపమా అని పెద్దలు వాదించుకున్నారు. అక్కడ గోడలు లేచాయి.

1940లో ఆయన పోయారు. 1989లో తెంగ్‌బోచే మంటల్లో కాలిపోయింది. మళ్లీ కట్టుకున్నారు.