రాజా దీన్ దయాళ్

రాజా దీన్ దయాళ్ (1844 - 1905) పందొమ్మిదవ శతాబ్దానికి చెందిన ప్రసిద్ధ భారతీయ ఛాయాగ్రాహకుడు. ఇతనికి లాలా దీన్ దయాళ్ అనే పేరు కూడా ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా హైదరాబాదు, సికింద్రాబాదులలో పనిచేసాడు. కోటలు, దేవాలయాలు, రాజభవనాలు, వీధులు, సైనిక విన్యాసాలు, రాజవంశీయుల చిత్రాలు ఇతని కృషిలో ముఖ్యమైనవి. కట్టడాల చిత్రాలలో మనుషులకు ఇతడు ఇచ్చిన చోటు ప్రత్యేకంగా గమనించదగినది.

బాల్యం, విద్య

దీన్ దయాళ్ ప్రస్తుత ఉత్తర ప్రదేశ్ లోని మీరట్ సమీపాన ఉన్న సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. వీరిది నగల వర్తకుల వంశం. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకున్నాడు. 1866లో ఇందూరులో ప్రజాపనుల శాఖలో అంచనాలు, నక్షలు తయారుచేసే ఉద్యోగంలో చేరాడు. కొలతలతో కూడిన ఈ పని తరువాతి కాలంలో కట్టడాలను చిత్రించడానికి ఉపకరించింది.

ఛాయాచిత్రకళలో ప్రవేశం

దీన్ దయాళ్ 1874 ప్రాంతంలో ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, బ్రిటిషు అధికారి సర్ హెన్రీ డాలీ ఇతనిని ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటన చిత్రాలు తీసాడు. 1880ల తొలినాళ్ళలో సర్ లెపెల్ గ్రిఫిన్ తో కలిసి మధ్య భారతంలో పర్యటించి, గ్వాలియర్, సాంచీ, ఖజురహో మొదలైన చోట్ల ప్రాచీన కట్టడాలను చిత్రించాడు. ఈ చిత్రాలతో గ్రిఫిన్ గ్రంథం 1886లో వెలువడింది.

దృశ్యంలో మనుషులు

ఆ కాలంలో ఫోటో తీయడం శ్రమతో కూడిన పని. తొలి రోజులలో వాడిన తడి పలక విధానంలో గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీసి, వెంటనే కడగవలసి ఉండేది. అందువలన చీకటి గుడారాన్ని, రసాయనాలను, నీటిని చిత్రం తీసే చోటికే మోసుకుపోయేవారు. కటకాన్ని కొన్ని సెకండ్ల పాటు తెరచి ఉంచవలసి వచ్చేది. ఆ సమయంలో కదిలిన మనిషి చిత్రంలో మసకగా పడేవాడు. వేగంగా దాటిపోయినవాడు ఒక్కొక్కసారి అసలు కనిపించేవాడే కాదు. కెమెరాను చూడడానికి గుమిగూడిన జనం కదిలితే పలక పాడయ్యేది, పని మళ్ళీ మొదటి నుండి చేయవలసి వచ్చేది.

ఈ ఇబ్బందికి ఛాయాగ్రాహకులకు రెండు మార్గాలు ఉండేవి. మొదటిది జనాన్ని దూరంగా పంపివేయడం. రెండవది వారిలో ఒకరిద్దరిని కదలకుండా నిలబెట్టి చిత్రంలో భాగం చేయడం. దీన్ దయాళ్ తీసిన అనేక కట్టడాల చిత్రాలలో ద్వారం పక్కనో, మెట్ల మీదనో ఒకరిద్దరు మనుషులు స్పష్టంగా కనిపిస్తారు. ఇంత స్పష్టంగా పడాలంటే వారు కదలకుండా ఉండి ఉండాలి. మనిషి ఎత్తును బట్టి గోపురం ఎత్తు, స్తంభం లావు చూసేవారికి తెలుస్తాయి. నక్షలు గీసినవానికి ఇది పరిచయమైన పద్ధతి. అయితే కట్టడం పేరు చిత్రం కింద చేరగా, కొలబద్దగా నిలిచిన మనిషి పేరు సాధారణంగా నమోదు కాలేదు.

హైదరాబాదులో

1880ల మధ్యలో దీన్ దయాళ్ నిజాం ఆస్థానంలో నియమితుడయ్యాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో ప్రారంభించాడు. అప్పటి నిజాం రాజ్యం పడమట ఔరంగాబాదు ప్రాంతం వరకు వ్యాపించి ఉండేది. చార్మినార్ పరిసరాలను, గోల్కొండను, ఫలక్‌నుమా భవనాన్ని ఇతడు చిత్రించాడు. 1908 మూసీ వరదకు ముందటి నగరాన్ని తెలుసుకోవడానికి ఈ చిత్రాలు ఆధారంగా ఉన్నాయి. ఈ కాలానికి పొడి పలకలు వాడుకలోకి వచ్చి, తక్కువ సమయంలో చిత్రం తీసే వీలు కలిగింది. దానితో వీధిలో నడిచే జనం, కవాతు చేసే సైన్యం కూడా చిత్రాలకు అందుబాటులోకి వచ్చారు.

1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కొరకు ప్రత్యేక జనానా స్టూడియో నెలకొల్పాడు. దానిని ఒక ఆంగ్లేయ మహిళ నిర్వహించేది. పరాయి పురుషులు లోనికి రాకుండా, బయటివారి చూపు పడకుండా చుట్టూ ఎత్తైన గోడలు ఉండేవి. కోటల వద్ద పరాయివారిని చిత్రంలోకి చేర్చుకున్న దీన్ దయాళ్, ఇక్కడ వారిని పూర్తిగా వెలుపల ఉంచవలసి వచ్చింది.

నిజాం ప్రభుత్వం కరవు బాధితులకు చేసిన సహాయ కార్యక్రమాల చిత్రాలు కూడా దీన్ దయాళ్ స్టూడియో తీసింది. వీటిలో ఔరంగాబాదు ప్రాంతపు చిత్రాలు ముఖ్యమైనవి. కట్టడాల చిత్రాలలో అంచున నిలిచిన సామాన్యులు వీటిలో చిత్రానికి ప్రధాన విషయం అయ్యారు. ప్రభుత్వ సేవను చూపడమే ఈ చిత్రాల ఉద్దేశం. అయినప్పటికీ ఆకలికి చిక్కిన శరీరాలను ఇవి నేటి పాఠకుని ఎదుట ఉంచుతున్నాయి.

బిరుదులు, చివరి రోజులు

నిజాం ఇతనికి 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1896లో బొంబాయిలో స్టూడియో తెరిచాడు. 1897లో విక్టోరియా రాణి తన ఛాయాగ్రాహకుడిగా గుర్తింపు ఇచ్చింది. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ సమీపాన పులి వేటకు వచ్చినప్పటి చిత్రం ప్రసిద్ధి చెందింది. కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఈ వృత్తిలో తండ్రికి తోడ్పడ్డారు. దీన్ దయాళ్ 1905 జూలై 5న మరణించాడు.

స్మారకాలు

దీన్ దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకల నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం కొనుగోలు చేసింది. 2006 నవంబరులో భారత తపాలా శాఖ ఇతని స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.