అంగారకుణ్ణి రంగుల్లో గీసిన గురువు

ఇటలీలోని రెజ్జియో ఎమీలియా పట్టణంలో 1818 జూన్ 28న ఒక వడ్రంగి ఇంట ఆంజెలో సెక్కి జన్మించారు. తల్లి లూయిజా గడసరి గృహిణి. కొడుకుకు కుట్టుపని, ఊలు అల్లడం కూడా నేర్పించిందట. మగపిల్లవాడికి అవెందుకని మన ఊళ్ళో అయితే నవ్వేవారు. సన్నని సాధనాలతో ఓర్పుగా పనిచేయవలసిన జీవితానికి ఆ అలవాటు అక్కరకు వచ్చే ఉంటుందని నాకు అనిపిస్తుంది.

యేసు సభ వారి బడిలో చదివి, 15 ఏళ్ళ ప్రాయంలో, 1833లో ఆయన ఆ సభలోనే చేరారు. భౌతికశాస్త్రం బోధిస్తూ వేదాంత విద్య ముగించి 1847లో గురుపట్టం పొందారు. మరుసటి సంవత్సరమే రోములో తిరుగుబాటు చెలరేగింది. యేసు సభ గురువులు నగరం విడిచి వెళ్ళవలసివచ్చింది. సెక్కి గారు మొదట ఇంగ్లండులోని స్టోనీహర్స్ట్‌కు, అక్కడినుండి అమెరికాలోని జార్జ్‌టౌన్‌కు వెళ్ళారు. ప్రవాసం ఆయనకు ఒక విధంగా మేలే చేసింది. జార్జ్‌టౌన్‌లో సభవారి ఖగోళ పరిశోధనాలయం ఉండేది. తిరిగి వచ్చాక 1850లో రోములోని సభ కళాశాల పరిశోధనాలయానికి ఆయనే అధిపతి అయ్యారు.

ఆ కళాశాలను ఆనుకుని పునీత లొయోలా ఇన్నాసి వారి దేవాలయం ఉంది. దాని నడిమి భాగంపై పెద్ద గుమ్మటం కట్టాలని పూర్వులు బలమైన స్తంభాలు లేపారు గాని, గుమ్మటం మాత్రం లేవలేదు. దాని బదులు ఆంద్రెయా పోజ్జో అనే సహోదరుడు గుడ్డమీద గుమ్మటం బొమ్మ గీసి లోకప్పుకు అమర్చారు. కిందినుండి చూస్తే నిజమైన గుమ్మటమేనని నేటికీ జనం భ్రమపడతారు. అంత బరువు మోయగల స్తంభాలు ఊరకే ఉన్నాయని గమనించిన సెక్కి గారు, దేవాలయం పైకప్పు మీదనే కొత్త పరిశోధనాలయం కట్టించి, 24 సెంటీమీటర్ల కటకంగల మెర్జ్ దూరదర్శినిని నిలిపారు. కింద దివ్యబలిపూజ, పైన నక్షత్ర పరిశీలన!

ఆ దూరదర్శినితోనే 1858లో ఆయన అంగారక గ్రహాన్ని పరిశీలించి రంగుల చిత్రాలు గీశారు. ఆ గ్రహానికి రంగులు వేసి గీసిన తొలి చిత్రాలలో అవి కొన్ని. అంగారకుడు సుమారు 26 నెలలకొకసారి మనకు దగ్గరగా వస్తాడు. అప్పుడు కూడా దూరదర్శినిలో కనిపించేది వణుకుతున్న చిన్న బిళ్ళ మాత్రమే. అందులో ఎర్రని నేలలు, ధ్రువాల వద్ద తెల్లని టోపీలు, ముక్కోణపు నల్లని మచ్చ ఒకటి ఆయనకు కనిపించాయి. ఆ మచ్చ రెండు ఖండాలను విడదీసే సముద్రమనుకుని, దానికి అట్లాంటిక్ 'కనాలే' అని పేరు పెట్టారు.

ఈ ఒక్క మాట తరువాత పెద్ద కథే నడిపింది. ఇటాలియన్ భాషలో కనాలే అంటే తవ్విన కాలువ కావచ్చు, ప్రకృతిసిద్ధమైన జలసంధి కావచ్చు. మన కృష్ణా, గోదావరి డెల్టాల వారికి కాలువ అనగానే తవ్వినదే గుర్తుకు వస్తుంది గదా! 1877లో మిలాన్‌లో స్కియాపరెల్లి అదే మాటను సన్నని గీతలకు వాడారు. ఇంగ్లీషులోకి అది తవ్విన కాలువగా వెళ్ళింది. అమెరికాలో పెర్సివల్ లోవెల్ ఆ కాలువలను బుద్ధిజీవులే తవ్వారని పుస్తకాలు రాశారు. 1965 జూలైలో మారినర్ 4 నౌక దగ్గరనుండి ఫోటోలు తీసేవరకు ఆ ఊహ పూర్తిగా చావలేదు. కనిపించినవి బిలాలు, ధూళి. సెక్కి గారి జలసంధి కూడా సముద్రం కాదు, నల్లని అగ్నిపర్వత శిలల మైదానం. గాలి ధూళిని కప్పుతూ తొలగిస్తూ ఉంటే దాని రూపం మారుతూ ఉంటుంది. ఎరుపుకు కారణం ఇనుప తుప్పు. వాయుమండలం మన దానిలో నూరవ వంతుకన్నా పలచన, అందులోనూ 95 పాళ్ళు బొగ్గుపులుసు వాయువే. ఇక 687 రోజులకొకసారి సూర్యుణ్ణి చుట్టివచ్చే ఈ రాతిగోళం ఒక ఆడపిల్ల పెండ్లిని ఎలా ఆపగలదో, కుజదోషం మాట ఎత్తే మన విచారణ కుటుంబాలవారే చెప్పాలి.

అంత విశాలమైన లోకాలు ఖాళీగా ఉండవని, సృష్టికర్తను తెలుసుకుని ప్రేమించే జీవులు అక్కడ ఉండవచ్చునని సెక్కి గారు తలచారు. ఇది విశ్వాసానికి అడ్డు అని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

అయితే ఆయన కీర్తికి అసలు మూలం అంగారకుడు కాదు. సుమారు 4,000 నక్షత్రాల వెలుగును పట్టకంతో విడదీసి చూచి, వర్ణపటాన్నిబట్టి వాటిని తరగతులుగా విభజించారు. 1865లో పోపుగారి నౌకనుండి తెల్లని బిళ్ళలను సముద్రంలోకి దించి నీటి స్వచ్ఛతను కొలిచారు. సెక్కి బిళ్ళ నేటికీ చెరువులలో, సముద్రాలలో వాడుకలో ఉంది.

కష్టకాలం 1870లో వచ్చింది. ఇటలీ సేనలు రోమును ఆక్రమించాయి. కొత్త ప్రభుత్వం ఆయనకు విశ్వవిద్యాలయంలో పీఠం ఇవ్వజూపింది. పీఠం కావాలంటే పోపుగారి పక్షం వదలాలి, వద్దంటే ఇరవై ఏళ్ళుగా కూర్చిన సాధనాలు పోవచ్చు. చివరకు ఆయన ఆ పదవిని వద్దన్నారు. 1873లో సభ గురువులను కళాశాలనుండి పంపివేసినా, ఐరోపా అంతటా పేరున్న ఈయనను కదిలించడానికి ప్రభుత్వం జంకింది. తోటివారు వెళ్ళిపోయిన ఆ కట్టడంలోనే ఆయన పని సాగించారు. ఆ మిగిలిన ఏళ్ళు ఎంత ఒంటరివో ఊహించుకోవచ్చు.

1878 ఫిబ్రవరి 7న 9వ భక్తినాథ పోపుగారు మరణించారు. ఉదర క్యాన్సరుతో బాధపడుతున్న సెక్కి గారు అదే నెల 26న కన్నుమూశారు. మరుసటి ఏడు ప్రభుత్వం పరిశోధనాలయాన్ని స్వాధీనం చేసుకుంది. 1891లో పోపుగారు వాటికన్‌లోనే కొత్త పరిశోధనాలయం నెలకొల్పారు.

2013 నవంబరు 5న మన శ్రీహరికోటనుండి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్య చేరి, 2022 వరకు ఆ గ్రహాన్ని చుట్టింది. దాని కింద తిరిగిన ఆ నేలపై, దక్షిణార్ధంలో ఒక పెద్ద బిలం ఉంది. దాని పేరు సెక్కి.