బి.సి.జి. టీకా కనిపెట్టిన ఆల్బర్ట్ కాల్మెట్

మనలో చాలామందికి ఎడమ భుజం మీద చిన్న గుండ్రటి మచ్చ ఉంటుంది. అది చిన్నప్పుడు వేసిన బి.సి.జి. టీకా మచ్చ. క్షయ, అంటే టీబీ జబ్బు రాకుండా ఆ టీకా వేస్తారు. బి.సి.జి.లో 'బి' అంటే బాసిలస్ అనే సూక్ష్మజీవి. 'సి', 'జి' మాత్రం ఇద్దరు మనుషుల పేర్లు. వాళ్ళే కాల్మెట్, గెరిన్. ఇది కాల్మెట్ గారి కథ.

ఆల్బర్ట్ కాల్మెట్ 1863 జూలై 12న ఫ్రాన్సు దేశంలోని నీస్ పట్టణంలో జన్మించారు. డాక్టరు చదివి నౌకాదళంలో చేరారు. తర్వాత పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నారు. 1891లో ఆయన్ని వియత్నాంలోని సైగాన్‌కు పంపించారు. ఇప్పుడు ఆ ఊరినే హోచిమిన్ నగరం అంటున్నారు. అక్కడ మశూచికి, పిచ్చికుక్క కాటుకి టీకాలు తయారు చేయించారు.

ఆ ప్రాంతంలో వానలకు ఒక ఊళ్ళోకి నాగుపాములు వచ్చి చాలామందిని కరిచాయి. పాముకాటు సంగతి మనకి వేరే చెప్పాలా! కాల్మెట్ ఆ విషం మీద పరిశోధన మొదలుపెట్టారు. జంతువుకి ముందు చాలా కొద్దిగా విషం ఎక్కించి, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే, దాని రక్తంలో విషాన్ని విరిచే పదార్థం తయారవుతుంది. ఆ రక్తం నుంచి తీసిన సీరమే పాముకాటుకి మందు. ఫ్రాన్సు తిరిగి వెళ్ళాక 1894లో ఈ సంగతి లోకానికి తెలియజేశారు. ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఇచ్చే పాముకాటు ఇంజక్షను ఈ పద్ధతిలోనే, గుర్రాల రక్తం నుంచి తయారవుతోంది.

1895లో లీల్ నగరంలో కొత్త పాశ్చర్ సంస్థకి ఆయన అధిపతి అయ్యారు. అది బట్టల మిల్లుల ఊరు. ఇరుకు ఇళ్ళల్లో ఉండే కూలీలకి క్షయ బాగా సోకేది. 1901లో వాళ్ళ కోసం ఉచిత వైద్యశాల తెరిచారు. కానీ అప్పటికి క్షయకి సరైన మందే లేదు. రాకుండా ఆపే టీకా కావాలని ఆయన పట్టుబట్టారు.

పశువుల డాక్టరు కెమిల్ గెరిన్ ఆయనకి తోడయ్యారు. ఆవుకి వచ్చే క్షయ సూక్ష్మజీవుల్ని, పశువు పిత్తంలో ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద పెంచారు. అలా పెంచితే వాటి బలం తగ్గుతోందని గమనించారు. ఇంక 1908 నుంచి దాదాపు మూడు వారాలకోసారి వాటిని కొత్త ముక్కల మీదకి మార్చడం మొదలైంది. మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. లీల్ నగరాన్ని జర్మన్ సైన్యం ఆక్రమించింది. అయినా పని ఆపలేదు. 13 సంవత్సరాల్లో 230 సార్లు మార్చారు! చివరికి ఆ సూక్ష్మజీవి జంతువులకి జబ్బు తేలేని స్థితికి వచ్చింది. కానీ దాన్ని ఎదుర్కొనే శక్తిని మాత్రం ఒంటికి నేర్పగలదు. 1921లో పారిస్‌లో మొదటిసారి ఒక పసిబిడ్డకి నోటిద్వారా ఇచ్చారు. ఆ బిడ్డ తల్లి క్షయతో చనిపోయింది. పెంచబోయే అమ్మమ్మకీ క్షయే. అయినా బిడ్డకి జబ్బు రాలేదు.

తర్వాత పెద్ద కష్టం వచ్చింది. 1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణంలో టీకా వేసిన శిశువుల్లో 70 మందికి పైగా చనిపోయారు. నింద అంతా కాల్మెట్ మీద పడింది. విచారణలో అసలు విషయం తేలింది. అక్కడి ప్రయోగశాలలో టీకాలోకి బలమైన క్షయ సూక్ష్మజీవులు కలిసిపోయాయి. తప్పు టీకాది కాదు, తయారీలో అజాగ్రత్తది. బాధ్యులైన ఇద్దరు డాక్టర్లకి 1932లో జైలుశిక్ష పడింది. కానీ ఆ పసివాళ్ళ చావులు కాల్మెట్ మనసుని బాగా కుంగదీశాయి. 1933 అక్టోబరు 29న ఆయన కన్నుమూశారు.

ఆయన టీకా 1948లో మన మదనపల్లెకి కూడా వచ్చింది. భారతదేశంలో మొట్టమొదట బి.సి.జి. వేసిన చోట్లలో అదొకటి.

ఈ టీకా చిన్నపిల్లల్ని మెదడుకి పాకే క్షయ నుంచి బాగా కాపాడుతుంది. పెద్దయ్యాక మాత్రం పూర్తి రక్షణ ఇవ్వదు. అందుకని మిత్రులారా, రెండు వారాలు దాటి దగ్గు ఉంటే దాచుకోకండి. వార్డెన్ గారికి చెప్పండి, కఫం పరీక్ష చేయించుకోండి. ఇంటి దగ్గర పెద్దవాళ్ళకీ చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. చెప్పినన్ని నెలలూ మానకుండా మింగితే జబ్బు నయమవుతుంది. 13 ఏళ్ళు ఓపిక పట్టిన మనిషిని తలుచుకుంటే ఆరు నెలలు మందు మింగడం ఏపాటి?