నాట్యాచార్యుడు సిద్ధేంద్రయోగి

హైదరాబాదు ట్యాంకుబండుపై 1986వ సంవత్సరమున ప్రతిష్ఠితములైన తెలుగు మహనీయుల విగ్రహములలో సిద్ధేంద్రయోగి విగ్రహ మొకటి. వారాసిగూడనుండి అచ్చటికి దూరము స్వల్పమే. ఆ వరుసలో రాజ్యము లేలినవారు కలరు, మహాకావ్యములు రచించినవారు కలరు. సిద్ధేంద్రుడు ఒక పల్లెలోని బాలురను చేరదీసి వారికి ఆట నేర్పినవాడు. ఆ పల్లె ఆటయే కూచిపూడి నాట్యమై సముద్రములు దాటినది. వేలకొలది నర్తకులను ఒక్క రంగస్థలముపై నిలిపినది. ఇంత పంట యే విత్తనమునుండి వచ్చినదో తెలియవలెనన్న ఆ మహనీయుని చరిత్రము చదువవలయును.

కృష్ణా మండలమున మొవ్వ గ్రామమునకు సమీపమున కూచిపూడి యున్నది. పదకర్త క్షేత్రయ్యది మొవ్వయే యని ప్రసిద్ధి. కూచిపూడివారు మేళములు కట్టి దూరదేశములకు బోయి ఆడుట చాల పూర్వపు ఆచారమని మాచుపల్లి కైఫీయతువలన తెలియుచున్నది. సిద్ధవటపు సీమను పాలించు సమ్మెట గురవరాజు ధనముకొఱకు ప్రజలను, అందును స్త్రీలను, క్రూరముగా హింసించుచుండెనట. ఆ సీమకు బోయిన కూచిపూడివారు దానిని కన్నులార చూచి, విజయనగరమున వీరనరసింహరాయల సముఖమున కేళికగా నాడి చూపిరట. రాయలు దాని యంతరార్థమును గ్రహించి, సైన్యమును బంపి గురవరాజును దండించెనట. ఇది 16వ శతాబ్ది ఆరంభపు మాట. నోరు విప్పి చెప్పుకొనజాలని ప్రజల పక్షమున ఆట సాక్ష్యము పలికినదన్నమాట.

అట్టి ఊరికి ఆదిగురువైన సిద్ధేంద్రుని పూర్వనామము సిద్ధప్ప. అతని కథను కూచిపూడి కుటుంబములవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. సిద్ధప్ప బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయెను. ఉడిపి మఠమున విద్య నభ్యసించి, శాస్త్రములను, కృష్ణభక్తిని సంపాదించి స్వదేశమునకు మరలెను. చిన్ననాడే అతనికి వివాహమైనది. అత్తవారి ఊరు నది కావలి యొడ్డున నున్నది. ఈడు వచ్చిన పిమ్మట భార్యను జూడ బయలుదేరి, నదిని దాటుచుండగా వరద ముంచుకొనివచ్చెను. ప్రాణము దక్కదని తోచినప్పుడు ఆపత్సన్న్యాసము స్వీకరించి, బ్రతికినచో శేషజీవితము కృష్ణునకే యర్పింతునని సంకల్పించెను. బ్రతికి ఒడ్డు చేరెను. ఇచ్చిన మాటకు కట్టుబడి గృహస్థాశ్రమమును విడిచి సిద్ధేంద్రయోగి యయ్యెను. ఆవలి యొడ్డున వేచియున్న ఆ యిల్లాలి పేరును కథ నిలుపలేదు. కాని భర్తకై యెదురుచూచు స్త్రీ వేదనయే యోగి రచనకు వస్తువగుట గమనింపదగినది.

ఆ రచనయే భామాకలాపము. పారిజాత పుష్పము నారదునిచే రుక్మిణికి దక్కుట, సత్యభామ యలుగుట, కృష్ణుడు దూరమగుట, ఆమె విరహము, లేఖ వ్రాసి పంపుట, తుదకు గర్వముడిగి స్వామిని జేరుట ఇందలి కథ. తెఱవెనుకనుండి సత్యభామ తన జడను ముందుకు వేయుట యీ యాటలో ప్రసిద్ధము. విద్వాంసులెవరైన నున్నచో తనతో వాదించి గెలువవలెనని ఆ జడ యొక సవాలు. సూత్రధారుడే మాధవియై ఆమెను ప్రశ్నించును, పరిహసించును, ఓదార్చును. సత్యభామ జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ యని పెద్దలు వ్యాఖ్యానింతురు. ఆ యర్థము తెలియని పామరునికిని అలిగిన భార్య కథగా అది రుచించును. పండితునికిని, పాలికాపునకును ఒక్క రాత్రి ఒక్క దీపము క్రింద ఆనందము నిచ్చుటలోనే యోగి నేర్పు కనబడుచున్నది.

రచన పూర్తియైనను, దాని నెవరికి నేర్పవలెనను ప్రశ్న మిగిలెను. దేవాలయములలో, సభలలో నాట్యమాడు కళావంతుల స్త్రీలు అప్పటికే గొప్ప విద్య గలవారు. యోగి మాత్రము భక్తి ప్రధానముగా నాడు పురుషుల మేళము నుద్దేశించి, కూచిపూడి బ్రాహ్మణ బాలురను చేరదీసెను. వారికి చదువును, సంగీతమును, అభినయమును నేర్పి ఒక వాగ్దానమును గైకొనెను. ఆ గ్రామమున బుట్టిన ప్రతి మగవాడును జీవితమున నొక్కసారియైన సత్యభామ వేషము ధరింపవలయునన్నదే ఆ వాగ్దానము.

ఈ నియమము ఆలోచింపదగినది. విద్యను ఒక్క శిష్యునికో, ఒక్క వంశమునకో అప్పగించినచో వారితోనే యది అంతరింపవచ్చును. యోగి దానిని ఊరంతటికిని ఋణముగా వ్రాసిపెట్టెను. ప్రతి యింట ఆడినవాడొకడు, ఆడబోవువాడొకడు ఉండునట్లు చేసెను. తండ్రి తప్పు చేసిన చూచి దిద్దువాడు పొరుగింట నుండెను. గురువు లేని ఇల్లు ఆ యూర లేకుండెను.

గోలకొండను 1672 మొదలు 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా బందరు త్రోవలో విడిసి, ఈ యాటను చూచి మెచ్చి, కూచిపూడిని భాగవతులకు అగ్రహారముగా నిచ్చెనని చెప్పుదురు. ముసల్మాను ప్రభువు కృష్ణకథను చూచి భూమి నిచ్చుట ఆనాటి దక్కను సంస్కారమునకు నిదర్శనము. 1763వ సంవత్సరమున ఆ యూరి కుటుంబములవారు తమ భూములను పంచుకొని పత్రము వ్రాసికొనిరి. భూమి పంచుకొన్నకొలది తఱుగును. విద్య యట్లు కాక, పంచుకొన్నకొలది పెరిగెను. మాన్యముకంటె యోగి పెట్టిన వాగ్దానమే ఆ యూరిని ఎక్కువకాలము నిలిపినది.

అయినను కాలము మారినప్పుడు ఆ వాగ్దానమునకే పరీక్ష వచ్చెను. రాజులు పోయిరి, జమీందారులు సన్నగిల్లిరి, నాటకశాలలును చలనచిత్రములును వచ్చినవి. రాత్రి యంతయు కూర్చుండి కలాపము చూచు ఓపిక జనులకు తగ్గెను. ఊరి బాలురే ఆడవలెనన్న నియమమును అక్షరశః పట్టుకొనినచో ఆట ఆ యూరిలోనే ముగిసిపోవును. ఈ సంకటమున వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ధైర్యము చేసి, ఊరి వెలుపలివారికిని, స్త్రీలకును ఈ విద్యను నేర్పిరి. ఏకపాత్ర నృత్యములకు ప్రాధాన్య మిచ్చిరి. నియమమును సడలించిరని నిందించినవారు లేకపోలేదు. కాని యోగి కోరినది ఆట నిలుచుటయే గాని తలుపులు మూయుట కాదని కాలము నిరూపించెను. శాస్త్రిగారు అక్షరమును విడిచి ఆశయమును నిలిపిరి.

1958లో ఢిల్లీయందు సంగీత నాటక అకాడమీ జరిపిన నాట్యగోష్ఠిలో విస్సా అప్పారావుగారు కూచిపూడి పక్షమున ప్రసంగించిరి. మరుసటి యేట హైదరాబాదున రాష్ట్ర అకాడమీ పక్షమున చర్చలు జరిగినవి. ఏలూరి న్యాయవాదియు, నటుడునగు బందా కనకలింగేశ్వరరావుగారి కృషితో యోగి పేరిట కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసెను. తరువాతి కాలమున తెలుగు విశ్వవిద్యాలయము దానిని తన పీఠముగా గైకొనెను. స్త్రీ వేషమున వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామయై దేశమునంతను ముగ్ధమొనర్చిరి. లక్ష్మీనారాయణశాస్త్రిగారి శిష్యులలో నొకరగు వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, దేశవిదేశముల శిష్యులను తీర్చిదిద్దిరి.

అట్లు నేర్చినవారే విదేశములకు వారధులైరి. కోరాడ నరసింహారావుగారివద్ద నేర్చిన ఇంద్రాణీ రహమాన్ ఈ నృత్యమును పాశ్చాత్య దేశములలో ప్రదర్శించిరి. తెలంగాణమున ఆదిలాబాదు మండలమునుండి వెడలిన రాజారెడ్డి, రాధారెడ్డి దంపతులు ఫ్రాన్సు దేశపు అవిన్యాన్ నాట్యోత్సవము వఱకు దీనిని గొనిపోయిరి. ప్రవాసాంధ్రుల బిడ్డలు అమెరికాలో గజ్జె కట్టిరి. 2008లో కాలిఫోర్నియాలోని కూపర్టినోయందు సిలికానాంధ్ర సంస్థ అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనమును జరిపెను. 2010 డిసెంబరు 26వ తేదీన హైదరాబాదు గచ్చిబౌలి క్రీడాప్రాంగణమున 2,800 మంది నర్తకులు ఒక్కమారుగా హిందోళ తిల్లానా నాడి గిన్నిస్ గ్రంథమున కెక్కిరి.

ఆ సంఖ్యను జూచి ఆశ్చర్యపడువారు దాని వెనుకనున్న పనిని మఱువరాదు. వేలమంది ఒక్క లయకు అడుగు వేయవలెనన్న, వేర్వేఱు ఊళ్లలో, వేర్వేఱు దేశములలో గురువులు అదే అడుగును నెలల తరబడి దిద్దవలయును. రంగస్థలమును ధనముతో కట్టవచ్చును, దీపములను ధనముతో వెలిగింపవచ్చును. తాళము తప్పిన పిల్లవానిని నిలిపి, మరల మొదటినుండి ఆడించు ఓర్పు మాత్రము ధనమునకు లభింపదు. ఏ కళోత్సవమైనను గురుశిష్యుల నిత్యసాధన యున్నంతవఱకే పెరుగును. అది లేనినాడు పందిరి మాత్రము మిగులును.

సిద్ధేంద్రయోగి తన పేర గుడి కట్టింపలేదు, ధనము కూడబెట్టలేదు. నేర్చినవాడు నేర్పవలెనను ఋణమును మాత్రము మిగిల్చెను. తరము తరువాత తరము ఆ ఋణమును తీర్చుచు, మరల దానిని తరువాతివారికి అప్పగించుచు వచ్చుటచేతనే ఒక పల్లె ఆట లోకమున కెక్కినది. చదువు గాని, సంగీతము గాని, కులవృత్తి గాని యెఱిగిన ప్రతివాడును తన యింట, తన వీథిలో ఒక్క బాలునికో, ఒక్క బాలికకో దానిని నేర్పినచో ఆ యోగి ఋణమున కొంత తీర్చినవాడే యగును.