అగ్నిలో గట్టిపడిన రబ్బరు: చార్లెస్ గుడ్‌ఇయర్

జహీరాబాదు ప్రాంతపు చెరకు తోటలలోనుంచి బరువెత్తుకొని బయలుదేరిన లారీకి తారురోడ్డు చేరేవరకు మొరం, రాళ్ళు, ముళ్ళు, బురద తప్పవు. వీటన్నిటి తాకిడిని ఓర్చుకోవలసినది టైరు. రబ్బరుకు ఆ ఓర్పును కలిగించినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్.

ఆయన 1800 డిసెంబరు 29న అమెరికాలోని న్యూహేవెన్‌లో జన్మించాడు. తండ్రితో కలిసి చేసిన ఇనుపసామానుల వ్యాపారం 1830లో దెబ్బతిన్నది. 1834లో న్యూయార్కులోని ఒక రబ్బరు దుకాణానికి వెళ్ళినప్పుడు ఆ సరకులోని లోపం ఆయనకు తెలియవచ్చింది. నాటి రబ్బరు ఎండకు కరిగి జిగురయ్యేది. చలికి బిగుసుకొని పెళుసయ్యేది. ఈ దోషాన్ని పోగొట్టడమే ఆయన జీవితలక్ష్యమైనది.

అప్పులు తీర్చలేక ఆయన చెరసాలకు వెళ్ళాడు. అక్కడ కూడ రబ్బరును పిసుకుతూనే ఉన్నాడు. ప్రభుత్వానికి తయారుచేసిన 150 తపాలా సంచులు వేడికి పాడైపోయి, ఉన్న పరువు కూడ పోయింది. ఇంటిలోని సామానులు, చివరకు పిల్లల పాఠ్యపుస్తకాలు సైతం అమ్ముడుపోయాయి. బిడ్డలలో కొందరు పసితనంలోనే మరణించారు. ఆ దారిద్ర్యాన్ని భార్య క్లారిస్సా కూడ అనుభవించవలసివచ్చింది. దీనిని దీక్ష అనాలో, మొండితనమనాలో చెప్పడం సులభం కాదు.

నెథానియల్ హేవర్డు ద్వారా గంధకపు గుణం ఆయనకు తెలిసింది. 1839లో గంధకం కలిపిన రబ్బరుముక్క అనుకోకుండా వేడి పొయ్యికి తగిలింది. అది కరగలేదు, తోలువలె గట్టిపడింది. ఇంతకాలం శత్రువనుకొన్న వేడిమియే మిత్రమైనది! విడివిడిగా జారిపోయే రబ్బరు అణువుల పోగులను గంధకం వేడిలో ఒకదానితో ఒకటి ముడివేస్తుందని శాస్త్రజ్ఞులు తరువాత గ్రహించారు. ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చడానికి ఆయనకు ఇంకా కొన్ని ఏండ్లు పట్టింది. 1844 జూన్ 15న పేటెంటు లభించింది. కాని ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ ముందుగానే దరఖాస్తు పెట్టి ఆ హక్కును దక్కించుకొన్నాడు. వ్యాజ్యాలు, ప్రదర్శనలు ధనాన్ని హరించాయి. 1860 జులై 1న సుమారు రెండు లక్షల డాలర్ల అప్పుతో గుడ్‌ఇయర్ కన్నుమూశాడు.

గాలి నింపే చక్రానికి రాబర్ట్ థామ్సన్ 1845లోనే పేటెంటు పొందినా, అది ప్రజలలో వ్యాపించినది 1888లో డన్‌లప్ కృషితోనే. 1898లో గుడ్‌ఇయర్ పేరుతో వెలసిన టైర్ల కంపెనీకి ఆయన కుటుంబంతో సంబంధం లేదు. అది గౌరవార్థం పెట్టిన పేరు.

నేడు జహీరాబాదునుంచి హైదరాబాదు వెళ్ళే దారిలోని సదాశివపేట ఎం.ఆర్.ఎఫ్. కర్మాగారంలో కూడ పచ్చి టైరు అచ్చులో, వేడిమికి, ఒత్తిడికి లోనై పక్వమవుతుంది. రాతిబాటలకు టైరు ఎన్నుకొనేవారు మందమైన పైపొరను, లోతైన గాడులను, లోపలి నైలాను లేక ఉక్కు దారాల బలాన్ని, మోయగల బరువును పరిశీలించాలి. సహజ రబ్బరు పాలు అధికంగా ఉన్న మిశ్రమం చిరుగుడును బాగా తట్టుకొంటుంది, తక్కువగా వేడెక్కుతుంది. అయితే లోతైన గాడుల టైరు తారురోడ్డుపై వేగంగా నడిస్తే త్వరగా వేడెక్కుతుంది. అధికభారం, గాలి తక్కువగా ఉండడం ఆ వేడిని ఇంకా పెంచి పొరలను విడదీస్తాయి. రబ్బరును గట్టిపరచిన వేడిమియే హద్దు మీరితే దానిని నాశనం చేస్తుంది. గుడ్‌ఇయర్ ఏండ్ల తరబడి వెదకినది ఆ హద్దునే.