నమ్మకమే పెట్టుబడి

వ్యాపారం చేసేవాడు తన ఇంటి భాష మాట్లాడేవారితోనే మెలగితే సరిపోదు. అప్పిచ్చేవారు ఒక దేశం వారు, యంత్రాలు తెలిసినవారు మరొక దేశం వారు, పనిచేసేవారు వేరొక ప్రాంతం వారు అయి ఉంటారు. ఇంతమందికీ తన మాట మీద నమ్మకం కుదుర్చుకున్న వ్యాపారి జంషెడ్‌జీ టాటా.

ఆయన 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవసారిలో, పార్సీ పురోహితుల వంశంలో పుట్టాడు. మాతృభాష గుజరాతీ. తండ్రి నస్సర్వాన్‌జీ కులవృత్తి విడిచి బొంబాయిలో వర్తకం చేసేవాడు. జంషెడ్‌జీ అక్కడి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో ఇంగ్లీషు చదువు ముగించి, 1859లో వ్యాపారం పనిమీద హాంకాంగ్ వెళ్ళాడు.

తరువాత కొన్నేళ్ళకు అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకపోవడంతో బొంబాయి పత్తికి ఎన్నడూ లేని గిరాకీ పుట్టింది. వర్తకులు షేర్ల మోజులో పడ్డారు. 1865లో యుద్ధం ముగియగానే ధరలు కుప్పకూలాయి. జంషెడ్‌జీ అప్పుడు లండన్‌లో ఉన్నాడు. ఆయన దగ్గరున్న పత్రాలు చిత్తుకాగితాలతో సమానమయ్యాయి. వయసా, ఇరవై ఆరేళ్ళు. ఊరా, పరాయి ఊరు. ముఖం చాటు చేయవచ్చు, సాకులు చెప్పవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు. బ్యాంకుల వారి దగ్గరకు, ఋణదాతల దగ్గరకు తానే వెళ్ళి ఉన్న స్థితిని దాచకుండా చెప్పాడు. వారికి ఆయన నిజాయితీ మీద గురి కుదిరింది. నెలకు 20 పౌన్ల జీతం ఏర్పరచి, ఆ లెక్కలు తేల్చే బాధ్యతను ఆయనకే అప్పగించారు. బాకీపడ్డవాడి చేతికే లెక్కలు ఇవ్వడం ఎక్కడైనా అరుదే కదా!

1877 జనవరి 1న నాగపూర్‌లో ఆయన ఎంప్రెస్ మిల్లు ప్రారంభమయింది. పత్తి పండే చోటనే మిల్లు ఉండాలని ఆయన తలచాడు. పల్లపు నేలను మట్టితో పూడ్చడం చూసి, ఇతడు బంగారాన్ని మట్టిపాలు చేస్తున్నాడని ఒక మార్వాడీ షావుకారు అప్పు ఇవ్వనన్నాడు. మట్టి పోసి బంగారం తీశాడని తరువాత ఆ షావుకారే ఒప్పుకున్నాడట.

అసలు చిక్కు పనివారితో వచ్చింది. గడియారం చూసి పనికి రావడం వారికి కొత్త. చాలామంది తరచుగా పని మానేసేవారు. ఇలాంటి చోట జరిమానాలు వేయడం మిల్లుల్లో మామూలు. జంషెడ్‌జీ వేరే దారి పట్టాడు. క్రమంగా వచ్చేవారికి బహుమతులిచ్చాడు, ఆటల పోటీలు పెట్టించాడు. 1886లో పెన్షన్ నిధి, 1895లో ప్రమాదానికి నష్టపరిహారం ఏర్పాటయ్యాయి. ఉపన్యాసాలకు లొంగని సమస్యను ఈ పనులు చక్కబెట్టాయి.

ప్రతి ప్రయత్నమూ ఫలించలేదు. జపానుకు పత్తి, నూలు చేరవేసే ఓడల కిరాయి అప్పట్లో టన్నుకు 19 రూపాయలు. 1893లో జంషెడ్‌జీ జపాను వెళ్ళి, అక్కడి ఓడల కంపెనీని ఒప్పించి, 12 రూపాయలకే సరుకు చేరవేసే ఏర్పాటు చేశాడు. పోటీగా ఇంగ్లీషు కంపెనీ కిరాయిని రెండు రూపాయలలోపుకు దించింది. చవకకు ఆశపడి తోటి వర్తకులు ఒక్కొక్కరే జారుకున్నారు. దూరదేశం వారిని ఒప్పించగలిగినవాడు సొంత ఊరివారిని నిలుపుకోలేకపోయాడు.

ఉక్కు కర్మాగారం కట్టాలన్నది ఆయన చిరకాల వాంఛ. అరవై దాటిన వయసులో, 1902లో, అమెరికా వెళ్ళాడు. న్యూయార్కులో చార్లెస్ పేజ్ పెరిన్ అనే ఇంజనీరు గదిలోకి నేరుగా నడిచివెళ్ళి, తనతో భారతదేశం రమ్మని అడిగాడు. ఎన్నడూ చూడని మనిషి, ఎరుగని వేషం. అయినా ఆ ముఖంలోని నిబ్బరం చూసి పెరిన్ సరేనన్నాడు. కొడుకు దొరాబ్‌జీకి రాసిన జాబులో జంషెడ్‌జీ రాబోయే ఊరిని ముందే ఊహించాడు. విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు ఉండాలన్నాడు. గుడులకు, మసీదులకు, చర్చిలకు చోటు విడిచిపెట్టమన్నాడు.

ఆ ఊరిని ఆయన చూడలేదు. 1904 మే 19న జర్మనీలో కన్నుమూశాడు. 1907లో దొరాబ్‌జీ లండన్ ధనికులను పెట్టుబడి అడిగితే వారు వెనుకాడారు. దాంతో బొంబాయిలోనే ప్రజలను కోరారు. కంపెనీ కార్యాలయం ముందు ఉదయం నుంచి రాత్రి దాకా జనం మూగారు. మూడు వారాలలో సుమారు ఎనిమిది వేలమంది భారతీయులు మొత్తం మూలధనం సమకూర్చారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ కొండల ఇనుప ఖనిజంతో కర్మాగారం నడిచింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. పనికోసం అక్కడికి వెళ్ళి స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.